చల్లని గడ్డ

మంగళవారం తెల్లవారకముందే సత్తమ్మ మంచానికి అట్టముక్క కట్టారు. నోటికి ఏమీ ఇవ్వరాదని దాని మీద రాసి ఉంది. సత్తమ్మకు చదువు రాదు గానీ, అలాంటి అట్ట కట్టిన మంచం దగ్గర టీ బకెట్టు ఆగదని నాలుగు రోజుల్లోనే తెలుసుకుంది. ఆ దవాఖానలో ఆపరేషన్లు వారానికి రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం. తన వంతు వచ్చినందుకు ఆమెకు ఆకలి కూడా హాయిగానే ఉంది.

మంచానికి అంతకుముందే ఇంకో అట్ట ఉంది. అది ఎర్రది. ఆదివారం సాయంత్రం రక్తం రిపోర్టు వచ్చాక కట్టారు. అది కట్టిన గంటకే ఐదో నంబరు మంచం మీది సత్తమ్మను పన్నెండో నంబరుకు, బాత్రూం గోడ పక్కకు మార్చారు. అత్త గుర్వమ్మ ఆ ఎర్ర అట్టను చూసి పొంగిపోయింది. మంచం కింద గొంగడి పరుచుకుని కూర్చుని, వార్డులో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పింది.

"మాకు ఎర్రది కట్టిండ్రు. అందరికీ కట్టరంట. మాది పెద్ద కేసంట."

సత్తమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. దశరథం డాక్టరు తనను గదిలోకి పిలిచి, తలుపు వేసి, గొంతు తగ్గించి చెప్పిన మాట ఆమెకే తెలుసు. నీ రక్తంలో ఎయిడ్సు ఉంది, రొమ్ములోది క్యాన్సరు, రెండూ వేర్వేరు రోగాలు, గడ్డ ఇంకా కదులుతోంది కాబట్టి కోసి తీసేస్తాను అన్నాడు. ఎయిడ్సు ఎక్కడిదో ఆమె అడగలేదు. పూనాలో కట్టడాల పనికి పోయిన మొగుడు ఐలేశం తిరిగొచ్చి, కట్టెపుల్లలా ఎండి, నిరుడు పోయాడు. అడగడానికి ఇంకేముంది? కోస్తానన్నాడు, అది చాలు అనుకుంది.

ఆయా రబియా బ్లేడు, దూది, పసుపురంగు మందు తెచ్చింది. ముప్పై ఏళ్ల మనిషి. చేతులు ఎప్పుడూ సున్నం నీళ్లలో నానినట్టు తెల్లగా ఉంటాయి.

"చెయ్యెత్తక్కా."

సత్తమ్మ ఎడమ చెయ్యి ఎత్తింది. రబియా చంకలో గీసి, రొమ్ముకు మందు పూసింది. ఆమె వేళ్లకు గ్లౌజులు లేవు. ఆదివారం నుంచి సత్తమ్మను వట్టి చేతుల్తో ముట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే.

"నీకు భయం లేదానే రబియా?"

"గ్లౌజులు డాక్టర్లకు, సిస్టర్లకే ఇస్తరక్కా. మాకియ్యరు. భయమంటే నౌకరీ పోతది."

త్యాగాలన్నీ ఇలాగే ఉంటాయి. దగ్గరికి పోయి చూస్తే సగం గ్లౌజులు లేక చేసినవే.

ఎర్ర అట్ట వాళ్లను లిస్టులో చివరికి వేస్తారు. వాళ్ల తరువాత థియేటరంతా కడగాలి, పొగబెట్టాలి, మందు చల్లాలి. సత్తమ్మ పచ్చి మంచినీళ్లు కూడా తాగకుండా మధ్యాహ్నం రెండు దాకా పడుకుంది. మందు ఆరి చర్మం మీద పెచ్చు కట్టింది. రెండుంబావుకు హెడ్ సిస్టర్ ప్రమీలమ్మ వార్డు గుమ్మంలో నిలబడి, అక్కడినుంచే చెప్పింది.

"పన్నెండో నంబరూ, టైం అయిపోయింది. శుక్రవారం. అన్నం తినొచ్చు."

ప్రమీలమ్మ పన్నెండో నంబరు మంచం దగ్గరికి రాదు. మాత్రల పొట్లం కూడా నాలుగడుగుల దూరం నుంచి దుప్పటి మీదికి విసురుతుంది. కేసు షీటు రాసేటప్పుడు కూడా గ్లౌజులు వేసుకుంటుంది. నలభై ఐదేళ్లు ఉంటాయి. గంజి పెట్టిన తెల్లచీర, ఒక్క మడత నలగదు. ఆ వార్డులో ఆమె నవ్వగా చూసినవాళ్లు లేరు.

బుధవారం పొద్దున గుర్వమ్మ పంపు దగ్గర గిన్నె కడుగుతుంటే, మూడో నంబరు మనిషి చెల్లెలు ఆమె పక్కనుంచి బిందె తీసుకుని అవతలికి జరిగింది. గుర్వమ్మ ఊరుకునే మనిషి కాదు.

"ఏమే, మేం అంటరానోళ్లమా? గొల్లకుర్మలం."

"కులం సంగతి కాదవ్వా. గా ఎర్ర అట్ట ఎందుకు కడ్తరో నీకెర్కలేదా?" అని ఆ పిల్ల చెప్పింది. పంపు దగ్గరున్న ఐదుగురూ విన్నారు.

గుర్వమ్మ గిన్నె పట్టుకుని వచ్చి మంచం దగ్గర నిలబడింది. నీళ్లు చీర మీద కారుతున్నాయి.

"నా కొడుకును తిన్నది నువ్వానే?"

"నేను మందను, ఊరిని దాటి ఎన్నడన్న ఎటన్న పోయిన్నా అత్తా? పూనా పోయింది ఎవ్వరు?"

"సచ్చినోని మీద ఎయ్యకు."

"బతికున్నదాని మీద ఏస్తున్నవు కద నువ్వు."

అత్తాకోడళ్ల మధ్య మాటలు అంతటితో అయిపోయాయి. ఇరవై ఏళ్లు ఒకే పొయ్యి మీద వండుకున్నారు. గుర్వమ్మ గిన్నె సంచిలో పెట్టుకుంది, చెంబు పెట్టుకుంది, మిగిలిన రెండు జొన్నరొట్టెలు పెట్టుకుంది. గొంగడి దగ్గర ఆగింది. అది ఆమె సొంత మొగుడు నేసింది, వానలో చుక్క దిగనిది. దాని కోసం కొడుకులిద్దరి మధ్య పంచాయితీ పెట్టిన మనిషి, ఇప్పుడు దాని అంచు కాలితో మంచం కిందికి నెట్టి, "నువ్వే ఉంచుకో" అంది.

సత్తమ్మ గొంగడి తీసి కాళ్లమీద కప్పుకుంది. మంచి గొంగడి దక్కిందనుకుంది. ఆ మాట అనుకున్నాకే ఏడుపు వచ్చింది.

*

శుక్రవారం మళ్లీ అట్ట, మళ్లీ బ్లేడు, మళ్లీ మందు.

"నీకోసం కొత్త గ్లౌజుల డబ్బ తెప్పిచ్చిండ్రక్కా. పన్నెండు జతలు. నిన్ను కోస్తే ఒక్కొక్కరు రెండేసి తొడుక్కోవాలంట. దశరథం సారు కొట్లాడి తెప్పిచ్చిండు."

మిగతా కేసులకు అలా కాదు. వాడిన గ్లౌజులను రబియాయే కడుగుతుంది. ఒక్కొక్కటి నోటితో ఊది, చిల్లి ఉందేమో చెంపకు ఆనించి చూసి, పౌడరు చల్లి, వెనక వరండాలో తాడు మీద ఆరవేస్తుంది. వేళ్లు కిందికి వేలాడే ఆ గ్లౌజులు మేక చన్నుల్లా ఉంటాయని సత్తమ్మ మొదటిరోజు నవ్వింది. ఎర్ర అట్ట దగ్గర వాడినవాటిని మాత్రం కడగరు, కాల్చేస్తారు.

తొమ్మిదింటికి వార్డులో హడావుడి. పట్నం నుంచి పెద్ద డాక్టరు వచ్చాడు. వెంట కెమెరా మెడలో వేసుకున్న మనిషి, తెల్లకోట్ల పిల్లలు. దశరథం డాక్టరు ఆయన వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వార్డులో పన్నెండు మంచాలుంటే, అందరూ తిన్నగా పన్నెండో మంచం దగ్గరికే వచ్చారు. ఆదివారం నుంచి ఎవరూ రాని ఆ మూలలో నిలబడడానికి చోటు చాలలేదు.

"జాకెట్టు తియ్యమ్మా," అన్నాడు పెద్ద డాక్టరు.

సత్తమ్మ తీసింది. కోయడానికి ముందు ఇదంతా ఉంటుందేమో అనుకుంది. ఫొటో తీశారు. పక్కకు తిరగమన్నారు, తిరిగింది. చెయ్యెత్తమన్నారు, ఎత్తింది.

"ఎన్నాళ్ల నుంచి ఉంది?"

"ఉగాది ముందటి నుంచి సార్."

"ఇన్నాళ్లు ఏం చేశావు?"

"నొప్పి లేకుండె సార్. సల్లగుండె."

పిల్లల్లో ఒకరిద్దరు నవ్వారు. వాళ్లకు ఏం తెలుసు? ఆత్మకూరు చుట్టుపక్కల ఏటి ఒడ్డున ఏ మందలో గొర్రె పాలివ్వకపోయినా సత్తమ్మనే పిలుస్తారు. పొదుగు మీద అరచెయ్యి వేసి, వేడిని బట్టి చెప్తుంది. సలసల కాగుతుంటే రోగం, వేరు చెయ్యాలి. చల్లగా చిన్న గడ్డ ఉంటే పాత పాలు పేరుకున్నట్టు, దాని జోలికి పోనక్కర్లేదు. ఎనభై గొర్రెల మందలో ఆ చెయ్యి తప్పింది లేదు. తన రొమ్ములో గడ్డ తగిలినప్పుడు కూడా అదే చెయ్యి వేసి చూసుకుంది. చల్లగా ఉంది. రవికె ముడి వేసుకుని మంద తోలుకుపోయింది. అలా ఏడు నెలలు.

"విన్నారుగా? నొప్పి లేదు, వేడి లేదు," అన్నాడు పెద్ద డాక్టరు పిల్లల వైపు తిరిగి. "ఎయిడ్సు ఉన్నా లేకున్నా ఏ ఆడమనిషిలోనైనా ఈ గడ్డ మొదట్లో ఇలాగే ఉంటుంది. అదే దాని మోసం. అయితే మామూలు మనిషిలో ఒంటి కాపలా కణాలు గడ్డ చుట్టూ చేరి కొట్లాడతాయి. గెలవకపోయినా కొంత ఆపుతాయి. ఈమెలో ఆ కాపలానే వైరస్ తినేస్తోంది. మరి కాపలా లేనిచోట గడ్డ తొందరగా పెరుగుతుందా, వేరే రకంగా పెరుగుతుందా? పుస్తకాల్లో ఇంకా తేలలేదు. అందుకని అందరూ చేత్తో చూసి గుర్తుపెట్టుకోండి. రెండూ ఒకే మనిషిలో ఉన్న కేసు ఈ జిల్లాలో మళ్లీ దొరకదు."

దొరకదు అన్నాడు. సంతలో మంచి పొట్టేలు దొరకదు అన్నట్టుగా అన్నాడు. సత్తమ్మకు సగం మాటలు అర్థం కాలేదు గానీ, కాపలా సంగతి అర్థమైంది.

"అంటే కుక్కలు సచ్చిన మందన్నట్టా సార్?"

పెద్ద డాక్టరు మొదటిసారి ఆమె మొహం చూశాడు. "అదే. బాగా చెప్పింది," అని పిల్లలతో అన్నాడు. ఆమెతో కాదు.

ఆ తరువాత పదకొండు మంది ఒకరి తరువాత ఒకరు వచ్చి గడ్డ పట్టి చూశారు. ప్రతివాళ్లూ డబ్బాలోంచి ఒక జత గ్లౌజులు తీసి తొడుక్కున్నారు, చూశారు, తీసి బకెట్లో పడేశారు. ఒక పిల్ల వేళ్లు ఆనించీ ఆనించకముందే తీసేసింది. ఒక పిల్లగాడు గడ్డను అటూ ఇటూ కదిపి, "మూవ్ అవుతోంది సార్," అన్నాడు. పన్నెండో జత పెద్ద డాక్టరు తొడుక్కున్నాడు. వేళ్లు ఊపి సరిచేసుకుని, చంకలో నొక్కి చూసి, బాగుంది అన్నాడు. ఏం బాగుందో చెప్పలేదు.

పన్నెండు దాటాక దశరథం డాక్టరు ఒక్కడే వచ్చాడు. మంచి మనిషే. మంచివాళ్లు కేసు షీటు చూస్తూ మాట్లాడతారు.

"ఇవాళ కుదరదు సత్తమ్మా. గ్లౌజులు అయిపోయాయి."

"నాకోసం తెచ్చినయి కద సార్?"

"నీకోసమే."

"నామీదనే వాడిండ్రు మరి. అయితె సరే," అంది సత్తమ్మ.

ఆయన మంగళవారం అని చెప్పి వెళ్లిపోయాడు. రబియా బకెట్టు మోసుకుపోయి వెనక గుంతలో గ్లౌజులకు నిప్పుపెట్టింది. ఆ కంపు సాయంత్రం దాకా వార్డులో తిరిగింది. పన్నెండో నంబరు వల్లే ఈ కంపని అందరూ తిట్టుకున్నారు.

*

రబియాకు దవాఖాన వెనక గోడ వారగా రెండు మేకలున్నాయి. శనివారం అందులో ఒకటి పిల్లను తన్నేస్తోందని, పొదుగు ముట్టనివ్వడం లేదని వచ్చి చెప్పింది. సత్తమ్మ గొంగడి భుజాన వేసుకుని వెనక మెట్లు దిగింది. ఎనిమిది రోజుల తరువాత కాళ్ల కింద మట్టి తగిలింది.

మేక ముందు గొంతుక్కూర్చుని, రెండు అరచేతులూ రుద్ది వేడి చేసుకుంది. చల్లని చెయ్యి వేస్తే మేక బెదురుతుంది, తన చలి తనకే తగిలి చెయ్యి అబద్ధం చెప్తుంది. మోకాలితో మేకను గోడకు ఆనించి, కుడి చన్ను మొదట్లో నాలుగు వేళ్లూ వేసి కళ్లు మూసుకుంది.

"కాగుతాంది," అంది. "మంచిదే."

"మంచిదేందక్కా? వేడుంటే రోగమని నువ్వే చెప్తివి."

"చెప్తి. నిన్న గా సారు మాటలిన్నంక తెలిసింది. కుక్కలు మొరుగుతున్నయంటే మందల తోడేలు చొరబడ్డదనే కాదు, కుక్కలు బతికున్నయని కూడ. దీని ఒళ్లు కొట్లాడుతాంది. వేడినీళ్ల గుడ్డ కాపి, పాలు మొత్తం పిండి పారబొయ్యి. రెండొద్దులల్ల తగ్గుతది. సప్పుడు చెయ్యనిదాన్నే నమ్మొద్దు."

గడ్డగట్టిన పాలను ఆమే పిండింది. మొదట పెరుగు ముక్కల్లా వచ్చాయి, తరువాత పలచగా వచ్చాయి. మేక మెడ సాచి అరవడం మానేసింది. తల ఎత్తి చూస్తే వరండాలో ప్రమీలమ్మ నిలబడి ఉంది. మంచం దిగినందుకు తిడుతుందనుకుంది సత్తమ్మ. తిట్టలేదు. సత్తమ్మ చేతుల వైపే చూసి, లోపలికి పోయింది.

ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక వార్డంతా కునుకు తీస్తోంది. రబియా వచ్చి చెవి దగ్గర వంగింది.

"సిస్టరమ్మ బట్టల గదిలకు రమ్మంటాంది. ఒక్కదాన్నే రమ్మంది."

దుప్పట్లు మడిచి పెట్టే గది. సత్తమ్మ లోపలికి రాగానే ప్రమీలమ్మ గడియ వేసింది. మూలన బకెట్లో డెటాల్ నీళ్లున్నాయి.

"కడుక్కో. మోచేతుల దాకా."

సత్తమ్మ కడుక్కుంది. మళ్లీ కడుక్కోమంది. మూడోసారి కడుక్కున్నాక ప్రమీలమ్మ తలుపుకు వీపు ఆనించి నిలబడింది. గంజి చీరలో ఆ మనిషి ఎప్పుడూ లేనంత చిన్నగా కనిపించింది.

"మేక ఎట్లుంది?"

"మంచిగైంది సిస్టరమ్మా. పిల్ల తాగుతాంది."

"ఇది బయట ఎవరికన్న చెప్పినవో..."

"చెప్పనీకె నాకెవ్వరున్నరు?"

ప్రమీలమ్మ జాకెట్టు హుక్కులు విప్పింది. ఆ వేళ్లకు ఇవాళ గ్లౌజులు లేవు. కింద రోజూ ఇంజక్షన్లిచ్చే డాక్టర్లు, కాంపౌండర్లు, అందరూ మగవాళ్లు. వాళ్ల ముందు ఇరవై ఏళ్లు తలెత్తుకుని తిరిగిన మనిషి వాళ్లకు చూపించుకోలేక, తను నాలుగడుగుల దూరం నుంచి ఏ చేతులకు మాత్రలు విసిరిందో ఆ చేతులతోనే ముట్టుకోమని నిలబడింది. సత్తమ్మకు లోపల ఏదో సంతోషంలాంటిది కలిగింది. చెడ్డ సంతోషమే. ఆమె దాన్ని దాచుకోలేదు, పెదవి చివర కనబడే ఉంటుంది.

అరచేతులు రుద్దుకుంది. ఎడమ రొమ్ము కింద, లోపలివైపు వేళ్లకు తగిలింది. చింతగింజంత. రాయిలా ఉంది. నొక్కితే జారింది గానీ కొంచెమే. వేడి లేదు. ఆ తరువాత చంకలోకి పోనిచ్చి, పక్కటెముకల మీద వేళ్లు నడిపింది. మందలో అయినా చుట్టుపక్కలంతా చూడనిదే ఆమె చెయ్యి తియ్యదు.

"నొప్పి లేదు," అంది ప్రమీలమ్మ గబగబా. "అసలు లేదు. పాలగడ్డే అయ్యుంటది గదా?"

పాలగడ్డే అనొచ్చు. ఆ ఒక్క మాట అంటే ప్రమీలమ్మ హుక్కులు పెట్టుకుని, ఊపిరి పీల్చుకుని పోతుంది. ఉగాది దాకా అలాగే తిరుగుతుంది. ఆ మాట సత్తమ్మ నాలుక చివరి దాకా వచ్చింది. మంచితనం వల్ల ఆగిందంటే అబద్ధం. ఆ చెయ్యి ఏ గొర్రె దగ్గరా అబద్ధం చెప్పలేదు. తన ఒంటి దగ్గర ఒక్కసారి తప్పింది, అదే చాలు.

"సల్లగుంది సిస్టరమ్మా. రేపే సారుకు చూపెట్టుకో."

"నొప్పి లేదంటున్న కదా."

"అందుకే చెప్తున్న."

ప్రమీలమ్మ తలుపు వైపు తిరిగింది. చంకలో ఏముందని కూడా అడగలేదు. హుక్కులు తప్పుగా పెట్టుకుని, గడియ తీసి, వెళ్లిపోయింది. సత్తమ్మ దుప్పట్ల మధ్య నిలబడి, తన గడ్డ మీద చెయ్యి వేసుకుంది. శుక్రవారం ఆ పిల్లగాడు కదిపినట్టు కదపబోయింది. అది కదలలేదు. చెయ్యి చల్లగా ఉందేమోనని మళ్లీ రుద్దుకుని చూసింది. కదలలేదు.

సోమవారం ప్రమీలమ్మ డ్యూటీకి రాలేదు. కొత్త గ్లౌజుల డబ్బా వచ్చింది. దశరథం డాక్టరు గుమ్మంలో ఆగి చెప్పాడు.

"రేపు లిస్టులో నువ్వొక్కదానివే సత్తమ్మా. పొద్దున్నే."

సత్తమ్మ రబియాను అడిగి కొంచెం కొబ్బరినూనె తెప్పించుకుని తల దువ్వుకుంది. ఒక్కదానివే అన్న మాటను సాయంత్రం దాకా మనసులో తిప్పుకుంది. ఎవరూ ముట్టుకోకుండా మిగిలిపోవడానికి కాకుండా, ఆ మాట ఇంకొకదానికి పనికిరావడం ఆమెకు బాగుంది.

*

మంగళవారం మూడోసారి అట్ట కట్టారు. రబియా మందు పూసి, "ఇయ్యాల అయిపోతదక్కా," అంది. ఎనిమిదింటికి వరండాలో చక్రాల బండి చప్పుడు వినిపించింది. ఒక చక్రం కీచుమంటుంది. సత్తమ్మ లేచి కూర్చుని, గొంగడి మడిచి తల దగ్గర పెట్టి, కాళ్లు కిందికి దించింది.

బండి వార్డు గుమ్మం ముందు నుంచి సాగిపోయింది. దాని మీద ఆకుపచ్చ గుడ్డ కప్పుకుని ఒక మనిషి పడుకుని ఉంది. గుమ్మం దాటేటప్పుడు ఆ మనిషి తల ఇటు తిప్పింది. ప్రమీలమ్మ. ఇద్దరూ చూసుకున్నారు. ప్రమీలమ్మ కళ్లు మూసుకుంది.

ఇంటి మనిషి కేసు. ఆలస్యం చేస్తారా ఎవరైనా? ఆదివారం తెలిసింది, సోమవారం సూది గుచ్చి చూశారు, మంగళవారం కోశారు. కొత్త డబ్బా విప్పారు. లిస్టులో ఒక్కదానివే అన్నది నిజమే, ఒక్కరినే కోశారు. తనకు నెలలు పట్టిన దారి ఆ మనిషి రెండు రోజుల్లో నడిచింది, నడిపించింది తన చెయ్యే. పాలగడ్డ అని ఉంటే బాగుండేది అనుకుంది సత్తమ్మ. సిగ్గుపడలేదు. మళ్లీ అనుకుంది.

ఒంటిగంటకు దశరథం డాక్టరు వచ్చాడు. డబ్బాలో చివరికి మిగిలిన రెండు జతల గ్లౌజులు తొడుక్కుని గడ్డ పట్టి చూశాడు. అటు కదపబోయాడు, ఇటు కదపబోయాడు. చర్మం మెరుస్తోంది. చాలాసేపు వేలు అక్కడే ఉంచాడు.

"ఎముకకు పట్టుకుంది సత్తమ్మా. ఇప్పుడు కోసినా లాభం లేదు. పట్నం పో, గడ్డను మాడ్చడానికి కరెంటు పెడతారు. కాగితం రాసిస్తా."

"శుక్రవారం కదిలింది కద సార్?"

"కదిలింది."

"మరి?"

ఆయన కేసు షీటు చూస్తూ ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. కాసేపటికి చిన్న నర్సు కాగితం, ఇంకు పెట్టె తెచ్చింది. అందులో ఏం రాశారని సత్తమ్మ అడిగితే, ఆ పిల్ల ఇబ్బందిగా చదివింది. రోగి ఆపరేషన్ వద్దని తన ఇష్టప్రకారం వెళ్లిపోతున్నది, దవాఖానకు బాధ్యత లేదు.

"నా ఇష్టమా బిడ్డా?"

"అట్లనే రాస్తరమ్మా. అందరికీ గట్లనే."

మూడు రోజులు పస్తులున్న మనిషి ఇష్టం మీద సత్తమ్మ బొటనవేలు ఒత్తింది. ఆ పిల్ల ఇంకు పెట్టెను దూది చుట్టి పట్టుకుంది.

గొంగడి భుజాన వేసుకుని వార్డు దాటుతుంటే, పక్కగదిలోంచి ప్రమీలమ్మ పిలిచింది. గది విడిగా ఉంది, కిటికీకి తెర ఉంది. ప్రమీలమ్మ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఛాతీకి కట్టు.

"సత్తమ్మా. తీసిండ్రు. చింతగింజంతే ఉందంట, సరిగ్గ నీ చెయ్యి చూపిన కాన్నే." ఊపిరి తీసుకుంది. "కాని చంకలోకి పోయిందో లేదో పట్నంల పరీక్ష చేస్తే గాని తెల్వదంటున్నరు. ఇరవై రోజులు. నాకు నిద్ర పట్టది. నువ్వు ఆరోజు చంకల గూడ చూసినవు. ఏమన్న ఉండెనా? మళ్లొకసారి చూడు, జర."

ఎడమ చెయ్యి కొంచెం ఎత్తి పట్టుకుంది.

సత్తమ్మ మంచం దగ్గరికి పోలేదు. నాలుగడుగుల దూరంలో నిలబడింది.

"గ్లౌజులున్నయా సిస్టరమ్మా?"

"గ్లౌజులెందుకు?"

"నాకు. నీ పుండు పచ్చిగుంది. నా ఒంట్ల ఏముందో రాసి మంచానికి కట్టింది నువ్వేనాయె."

"ఉన్న డబ్బ పొద్దున..." అని ప్రమీలమ్మ ఆగిపోయింది.

"అయితె ఎట్ల చూడను?" అంది సత్తమ్మ. గొంతు పెంచలేదు. చెయ్యి ఎత్తి పట్టుకునే ఉన్న మనిషిని అలాగే వదిలి బయటికి వచ్చింది.

గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్న రబియా గేటు దాకా వచ్చింది. కాగితంలో చుట్టిన రొట్టె సత్తమ్మ చేతిలో పెట్టింది. ఆత్మకూరు బస్సు ఇంకా రాలేదు. ఇద్దరూ గోడ నీడలో నిలబడ్డారు.

"నిజం చెప్పక్కా. సిస్టరమ్మ చంకల ఏమన్న ఉండెనా?"

"ఏం లేదు. సాఫ్‌గుంది."

"మరి చెప్పకపోతివి. పాపం, ఒణుకుతాంది."

"చెప్పు నువ్వే. కాని ఇయ్యాల కాదు." సత్తమ్మ రొట్టె కాగితం విప్పింది. "ఇయ్యాల అడిగితె శుక్రవారమను. శుక్రవారం అడిగితె మంగళవారమను. మూడుసార్లు అయినంక చెప్పు."

రబియా ఆమె భుజం మీది గొంగడి సర్దింది. బస్సు వచ్చింది. సత్తమ్మ ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, గొంగడి ఒళ్లో పెట్టుకుంది. అప్పటిదాకా చప్పుడు లేకుండా ఉన్న ఎడమ రొమ్ములో బస్సు కదిలిన కుదుపుకు మొదటిసారి నొప్పి మొదలైంది. ఆమె చెయ్యి లోపలికి పోనిచ్చి, వేడి కోసం వెతికింది.